చేను నల్లబడిన గింజ నిండునా?

యూరియా చల్లిన కొలది దినములకే వరిచేను రంగు మారును. ఆకుల పసిమి తగ్గి, ముదురు పచ్చదనము వచ్చి, గట్టుమీదనుండి చూచువారికి పైరు నల్లగా తోచును. "చేను నల్లబడినది" అని రైతు తృప్తిపడును. ఆ నలుపులో ఎంత భాగము గింజగా మారునో కోతనాటికి గాని తేలదు. మా వ్యవసాయ కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో తరచుగా కనిపించు సందేహ మొకటి కలదు: "పొరుగువానికంటె ఒక బస్తా ఎక్కువ వేసితిని, పైరు కంటికి ఇంపుగానే యున్నది, ధాన్యము మాత్రము అతనికే ఎక్కువ వచ్చినది, ఏల?" దీనికి సమాధానము కావలెనన్న ఆకు లోపలికి పోయి చూడవలెను.

ఆకు చేయు పని శ్రోతలకు తెలిసినదే. ఎండ వెలుతురును ఆధారముగా గొని, వేళ్ళు తెచ్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి అది చక్కెరను తయారుచేయును. కిరణజన్య సంయోగక్రియ యనగా నిదియే. వడ్లగింజ బరువులో అధికభాగము ఈ విధముగా గాలినుండి పట్టినదే గాని నేలనుండి తీసినది కాదు. ఇందొక చిత్రము గలదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళకు కొంచెము మించి యుండును. ఆ స్వల్పమును ఆకు పట్టుకొనగలదు. అదే గాలిలో నూటికి 78 పాళ్ళున్న నత్రజనిని మాత్రము వరిమొక్క ముట్టుకొనజాలదు. అది నేలలో అమ్మోనియముగనో, నైట్రేటుగనో మారి వేళ్ళకు అందవలసినదే.

అట్లు అందిన నత్రజని ఆకులో ఎచ్చటికి పోవును? పత్రహరితములోనికి అని చాలమంది చెప్పుదురు. పత్రహరితపు అణువులో ఒక మెగ్నీషియము పరమాణువు చుట్టును నాలుగు నత్రజని పరమాణువు లున్న మాట నిజమే. అయినను, ఆకులోని మొత్తము నత్రజనిలో ఆ పచ్చని పదార్థమునకు చెందునది నూటికి రెండు పాళ్ళకు మించదు. రంగు పైకి కనిపించు గుర్తు మాత్రమే. వరి, గోధుమ వంటి పైరులలో ఆకు నత్రజని నాలుగింట మూడు వంతులవరకు హరితరేణువులలోనే చేరియున్నను, అందులో అత్యధిక భాగము మాంసకృత్తుల రూపమున నుండును. ఆ మాంసకృత్తులలో ఒకదానిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది.

1947లో అమెరికాలో వైల్డ్‌మన్, బానర్ అను శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల రసమును పరీక్షించుచుండగా, కరగు మాంసకృత్తులలో సగమువరకు ఒకే పదార్థమని తేలినది. అంత విస్తారముగా నున్న ఆ పదార్థము చేయు పనియేమో చాలకాలమువరకు నిశ్చయము కాలేదు. బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెర తయారీలోనికి దింపు ఎంజైము అదియేనని తరువాత తెలిసినది. దాని పూర్తి రసాయన నామము రేడియోలో చదువుటకు వీలైనది కాదు. 1979లో ఐసెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు, ఒక బిస్కట్ల కంపెనీ పేరు స్ఫురించునట్లుగా, పరిహాసమునకు "రుబిస్కో" అని సంక్షేపించెను. ఆ పరిహాసమే స్థిరపడినది.

ఇంత ముఖ్యమైన పనిచేయు రుబిస్కో మిక్కిలి మందకొడి. ఇతర ఎంజైములనేకము సెకనుకు వందలు, వేల పర్యాయములు పనిచేయుచుండగా ఇది సుమారు మూడు అణువులను మాత్రమే పట్టగలదు. పైగా పొరపాటు స్వభావము గలది. బొగ్గుపులుసు వాయువనుకొని సుమారు నాలుగింట ఒకమారు ప్రాణవాయువును పట్టుకొనును. అప్పుడు కూడబెట్టిన కర్బనములో కొంత తిరిగి గాలి పాలగును. వేడి హెచ్చినకొలది ఈ నష్టమును హెచ్చును. చురుకులేని పనివారు దొరికిన యజమాని సంఖ్య పెంచి పని సాగించుకొనునట్లు, మొక్కయు ఈ ఎంజైమును రాసులుగా తయారుచేసి నిలుపుకొనును. వరి ఆకులోని నత్రజనిలో దాదాపు నాలుగవ వంతు ఈ ఒక్కదానికే వ్యయమగును. పైరు నత్రజనికై అంతగా అలమటించుటకు ముఖ్యకారణ మిది.

నత్రజని చాలనప్పుడు మొక్క మొదట తన కొట్టును చిన్నదిగా చేసికొనును. ఆకులు పొట్టివై, పిలకలు తగ్గి, వెలుతురును పట్టు వైశాల్యమే తగ్గిపోవును. పిమ్మట అడుగునున్న ముదురాకులలోని మాంసకృత్తులను విడగొట్టి, అందలి నత్రజనిని పైనున్న లేతాకులకు పంపును. అందువలననే నత్రజని లోపము అడుగు ఆకుల పసుపుగా మొదట బయటపడును. ఆ స్థితిలో వేసిన ఎరువు ప్రతి కిలోకును ఫలితము చూపును.

లోపము తీరిన పిమ్మట కథ వేరు. ఆకులో నత్రజని ఇంకను పెరిగినచో రుబిస్కో పెరుగును గాని, దానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు పత్రరంధ్రముల ఇరుకుదారిని అంత త్వరగా లోనికి రాజాలదు. పనివారు పెరిగినను సరుకు అందదు. అదనపు నత్రజని వట్టి నిలువగా పడియుండును. ఇంతలో ఆకులు విస్తరించి ఒకదానినొకటి కప్పుకొనును. పై ఆకులు ఎండను మ్రింగగా అడుగు ఆకులు చీకటిలో నుండి సంపాదన లేక తినుచుండును. చేను నల్లగా కనిపించు దశలో ఇట్టి తిండిపోతు ఆకులు ఎన్ని యున్నవో గట్టుమీదనుండి కనిపించదు.

గోదావరి డెల్టా రైతులకు ఈ విషయము అనుభవమున తెలియును. సార్వాలో మబ్బు ఎక్కువ, ఎండ తక్కువ. దాళ్వాలో ఆకాశము నిర్మలముగా నుండి వెలుతురు సమృద్ధిగా లభించును. వెలుతురే చాలనప్పుడు ఎంజైమును పెంచి ప్రయోజనము లేదు గనుక, దాళ్వా పైరు సద్వినియోగము చేసికొనునంత నత్రజనిని సార్వా పైరు చేసికొనజాలదు. సిఫారసులు దాళ్వాకు హెచ్చుగా నుండుట ఇందుచేతనే. సార్వాలో హద్దుమీరిన చేను అగ్గితెగులునకును, దోమపోటునకును ఎరయగును. పొడవు రకమైనచో గాలివానకు పడిపోవును. 1966లో విడుదలయిన ఐ.ఆర్.8 వంటి పొట్టి రకములు నత్రజని వేసినను పడిపోక నిలిచినందువలననే ప్రఖ్యాతి వహించినవి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఆ రకమును సాగుచేసి చూపిన సంగతి చాలమందికి తెలిసినదే.

జొన్న, మొక్కజొన్న, చెరకు ఈ విషయమున అదృష్టవంతములు. అవి బొగ్గుపులుసు వాయువును ముందు వేరొక ఎంజైముతో పట్టి, ఈనెల చుట్టునున్న కణములలోనికి తోడి అచ్చట చిక్కబరచి రుబిస్కోకు అందించును. పొరపాట్లు తగ్గును, కొద్ది రుబిస్కోతోనే పని గడచును. ఒక పాలు నత్రజనితో అవి వరికంటె ఎక్కువ చక్కెరను చేయగలుగుట కిదియే రహస్యము.

ఇక గింజ నిండు దశ. నా దృష్టిలో మొత్తము విషయమునకు కీలక మిచ్చటనే యున్నది. గింజలో చేరు పిండిపదార్థములో అధికభాగము వెన్ను వెలువడిన పిమ్మట ఆకులు తయారుచేయునదే. కావున పై మూడు ఆకులు, అందును వెన్నునంటి యుండు చివరి ఆకు, అప్పుడు పచ్చగా నుండి పనిచేయవలెను. కాని గింజకు మాంసకృత్తులును కావలెను. అందుకు వలసిన నత్రజనిలో సగముకంటె ఎక్కువ ఆ ఆకులనుండియు కాడలనుండియు రావలెను. అనగా రుబిస్కోను విప్పి గింజకు పంపవలసి యున్నది. పనిచేయవలసిన యంత్రమునే ముక్కలుచేసి అమ్ముకొనవలసిన సంకటము! చాలినంత నత్రజని ముందే కూడబెట్టుకొన్న పైరు ఈ పనిని నిదానముగా సాగించును. లేమిలో నున్న పైరు తొందరగా పండుబారి తాలు గింజలు మిగుల్చును. ఎరువునంతయు ఆరంభముననే కుమ్మరించక, కొంత పిలకల దశకును, కొంత వెన్ను అంకురించు దశకును నిలిపి యుంచుమని చెప్పుట ఇందుకే. పొరుగువాని గెలుపునకు ఇదియే కారణము కావచ్చును. వరిమడిలో చల్లిన నత్రజనిలో సగమైనను పైరుకు అందుట అరుదు. మిగిలినది గాలిలోనికో, నీటితో భూమి లోపలికో పోవును. ఒక్కసారిగా వేసినచో ఆ పోవునది మరింత పెరుగును.

వేయవలసిన సమయమును కనుగొనుటకు ఆకు రంగుల పట్టిక యొకటి ప్రచారములో నున్నది. వరుసగా లేతనుండి ముదురువరకు పచ్చరంగులు గల ప్లాస్టిక్ పట్టీ అది. నాటిన రెండు వారములనుండి పూతవరకు, వారము పదిదినముల కొకసారి, ఉదయము పూట చేనిలో పది దుబ్బులను ఎంచుకొని, పూర్తిగా విచ్చుకొన్న పై ఆకు నడిమి భాగమును పట్టీపై నుంచి పోల్చవలెను. పోల్చునప్పుడు సూర్యునికి వీపు నిచ్చి, ఆకు తన నీడలో నుండునట్లు చూచుకొనవలెను. పదింట ఆరు ఆకులు నిర్ణీతమైన రంగుకంటె వెలిసి యున్నచో ఎరువు వేయవచ్చును. నాటిన వరికి సాధారణముగా నాలుగవ రంగు ప్రమాణము; వెదజల్లిన వరికి మూడవది.

ఒక్క జాగ్రత్త. పసుపంతయు నత్రజని లోపము కాదు. మెట్ట నారుమళ్ళలో కొన్ని వేళల అడుగు ఆకులు పచ్చగానే యుండి, క్రొత్తగా వచ్చు లేతాకులు పాలిపోయి తెల్లబారును. అది ఇనుప ధాతువు లోపము. ఇనుము నత్రజనివలె ముదురాకునుండి లేతాకునకు కదలిపోజాలదు గనుక లేతాకే ముందు నష్టపోవును. అట్టి నారుమడిలో యూరియా చల్లినను రంగు తిరుగదు. అన్నభేదిని నీటిలో కరగించి, కొంచెము నిమ్మఉప్పు చేర్చి ఆకులపై పిచికారి చేయవలెను.