నూలు నంబరు – వైరస్ వడపోత

భివండీలో మరమగ్గముల నాడించు మన తెలుగువారికి నూలు నంబరును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 840 గజముల చిలపలు నలుబది కలిసి ఒక పౌను తూగినచో అది 40వ నంబరు నూలు. ఏ మిల్లు వడికినను ఈ లెక్క మారదు. లెక్క యొక్కటియే యగుటచే కొనువాడు అమ్మువానిని నమ్మగలుగుచున్నాడు. ఔషధములనుండి వైరసులను తొలగించు వడపోత సాధనములకును ఇట్టి ఉమ్మడి కొలమాన మెట్లేర్పడెనో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

రక్తము గడ్డకట్టని హీమోఫీలియా రోగులకు దాతల ప్లాస్మానుండి తీసిన మందు ప్రాణాధారము. 1980 దశకపు తొలి సంవత్సరములలో ఆ మందు ద్వారానే పెక్కు దేశములలో వేలకొలది రోగులకు హెచ్.ఐ.వి. సోకినది. వేడిచేతను, రసాయనములచేతను ఆ వైరసును చంపవచ్చును. కాని కొవ్వుపొర లేని పార్వోవైరసు వంటివి వానికి సులభముగా లొంగవు. చంపుటకు కష్టమైనదానిని వడకట్టి వేరుచేయవలసి వచ్చినది.

జపానులోని అసాహి కాసై సంస్థ 1989లో ‘ప్లానోవా’ అను వడపోతను వెలువరించెను. దాని పుట్టుక మన వృత్తికి దగ్గరి చుట్టమే. దూది తీసిన పిదప ప్రత్తిగింజ నంటియుండు పొట్టినారను రాగి, అమ్మోనియాల ద్రావకములో కరగించి ‘బెంబర్గ్’ రేయాను నూలు తీయుట ఆ సంస్థకు చిరకాలపు పని. ఆ పదార్థమునే లోపల బోలుగా నుండు దారముగా తీసిరి. దాని గోడలోని సూక్ష్మరంధ్రములనుండి ఔషధము దాటిపోవును, వైరసు చిక్కుకొనును. పార్వోవైరసు వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. ప్రతిరక్షక ప్రోటీను సుమారు 10. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. ఇంతటి స్వల్పభేదమును పట్టవలసిన జల్లెడ యిది.

పిదప ఇతర సంస్థలును వడపోతలు చేసినవి. ఎవరి రంధ్రపు కొలత వారిది. ఒకదానితో నొకటి పోల్చుటకు వీలులేదు. అందుచే పేరెంటరల్ డ్రగ్ అసోసియేషన్ అను సంఘము ఉమ్మడి పరీక్షను రూపొందించెను. 2005లో వెలువడిన దాని 41వ సాంకేతిక నివేదిక 2008లో సవరింపబడినది. పెద్ద వైరసుల వడపోతకు పిఆర్ 772, చిన్నవాని వడపోతకు పిపి 7 అను బాక్టీరియోఫేజులను పరీక్షకు నిర్ణయించిరి. ఇవి బాక్టీరియాల నాశ్రయించునే గాని మనుష్యులకు సోకవు. ఫలితమును ‘లాగు’లలో చెప్పుదురు. ఒక లాగనగా పదింట తొమ్మిది తొలగుట. నాలుగు లాగులనగా పదివేలలో ఒక్కటి మాత్రమే మిగులుట.

నంబరు సరియైనంతమాత్రమున గుడ్డ బాగుగా రాదు. మగ్గముపై నేసి చూడవలెను. అట్లే ప్రతి ఔషధమునకును వేరుగా పరీక్ష అవసరము. కర్మాగారములోనికి వైరసును తీసికొనిపోరాదు గనుక, ప్రయోగశాలలో చిన్న నమూనా వడపోతపై ఆ మందునే వైరసుతో కలిపి పరీక్షింతురు. కర్మాగారములో వాడిన వడపోత ఎక్కడను చినుగలేదని వాడిన పిదప వేరొక పరీక్షచే నిర్ధారింతురు.

నూలును మనము వ్రేళ్లతో తడిమి చూడగలము. సీసాలోని మందును రోగి అట్లు చూడజాలడు. అతడెన్నడును చూడని ఈ పరీక్షలే అతనికి రక్ష.