ఓనర్ అమెరికాలో, అద్దెకు మనం బ్రాడీపేటలో

గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, పిల్లల చదువు కోసం గుంటూరు బ్రాడీపేటలో ఫ్లాట్ చూస్తున్నారా? అగ్రిమెంట్‌కి ముందు ఒక్క మాట అడగండి: ఓనర్ ఎన్‌ఆర్‌ఐనా?

అయితే అద్దెలో టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది మనమే. పన్ను 30 శాతం, ఆ పన్ను మీద సెస్ 4 శాతం, కలిపి అద్దెలో 31.2 శాతం. అద్దె 20,000 అయితే 6,240 పట్టుకుని, 13,760 ఓనర్‌కి ఇవ్వాలి. ఇక్కడే ఉండే ఓనర్‌కైతే నెలకు 50,000 దాటితేనే టీడీఎస్. ఎన్‌ఆర్‌ఐకి ఆ మినహాయింపు లేదు. ట్యాన్ నంబర్ కూడా తీసుకోవాలి. పట్టుకోకపోతే ఆ పన్ను, వడ్డీ మన మెడకే.

"అద్దె మా నాన్న ఖాతాలో వేయండి" అన్నా, ఇల్లు ఎవరి పేరున ఉందో చూడండి. ఎక్కువ కట్టింది ఓనర్ రిటర్న్ వేసి రీఫండ్ తీసుకోవచ్చు. ఈ సంగతి ముందే మాట్లాడుకుంటే తర్వాత గొడవుండదు.