పది నిమిషాల గుండెదడ

ఊరికి దూరంగా విసిరేసినట్టున్న ఇల్లు. ఆయన ఆఫీసుకి వెళ్లారు. చంటిబిడ్డతో మీరొక్కరే ఉన్నారు. ఇలాంటి ఒంటరి కొంపలో నావల్ల కాదంటూ పనిమనిషి చీటీ రాసిపెట్టి, మీతో చెప్పకుండానే వెళ్లిపోయింది. పోతూ పోతూ తాళంచెవిని గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టింది. అది కాస్తా ఓ దేశదిమ్మరికి దొరికింది!

తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది కదూ? 1913 జూలైలో అమెరికాలో విడుదలైన 'సస్పెన్స్' అనే మూకీ సినిమా కథ ఇది. నిడివి పది నిమిషాలే. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా అయిపోతుంది. తీసింది లోయిస్ వెబర్, ఆమె భర్త ఫిలిప్స్ స్మాలీ. కథ రాసిందీ, ఆ ఇల్లాలి వేషం వేసిందీ కూడా వెబరే. అదే ఏడాది మే నెలలో మన బొంబాయిలో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేశారు. ఆడవాళ్లు దొరక్క, తారామతి వేషం సాళుంకే అనే మగవాడితో వేయించారు!

నిజానికి కథ కొత్తదేం కాదు. గ్రిఫిత్ అనే పేరున్న దర్శకుడు 1909లోనే ఇలాంటిది 'ది లోన్లీ విల్లా' పేరుతో తీశాడు. కొత్తదనమంతా వెబర్ చూపించిన తీరులో ఉంది. ఇల్లాలు భర్తకు ఫోన్ చేస్తుంది. మామూలుగా అయితే కాసేపు ఇల్లు, కాసేపు ఆఫీసు మార్చి మార్చి చూపిస్తారు. వెబర్ తెరనే ముక్కోణాలుగా కోసేసింది. ఫోన్లో మాట్లాడే భార్య, వినే భర్త, ఇంటి మీద కన్నేసినవాడు... ముగ్గురూ ఒకేసారి కళ్లముందుంటారు. మనకన్నీ తెలుస్తూనే ఉంటాయి, అరిచి చెబుదామంటే ఎవరికి చెబుతాం?

ఇంకోచోట ఆమె మేడ మీది కిటికీలోంచి కిందికి తొంగి చూస్తుంది. సరిగ్గా అప్పుడే వాడు తలెత్తి పైకి చూస్తాడు. అమ్మో, ఆ మొహం! నన్నడిగితే, కత్తి కన్నా భయపెట్టేది వంటింటి ఘట్టం. వాడు తాపీగా కూర్చుని తిండి తింటాడు. మనం సర్దుకున్న వంటింట్లో పరాయివాడు దర్జాగా తింటుంటే ఎలా ఉంటుందో ఆడదానికి వేరే చెప్పాలా?

అక్కడ భర్త రోడ్డు మీద కనిపించిన ఎవరిదో కారెక్కి దూకిస్తాడు. కారు దొంగ అనుకుని పోలీసులు వెంటపడతారు. తర్వాతేమైందో నేను చెప్పను.

వెబర్ 1879లో పెన్సిల్వేనియాలో పుట్టింది. పియానో కచేరీలు చేసింది, చర్చి తరఫున వీధుల్లో తిరిగి సేవ చేసింది. 1914లో 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్' తీసి, అమెరికాలో పూర్తి నిడివి చిత్రానికి దర్శకత్వం వహించిన తొలి మహిళల్లో ఒకరైంది. 1916 నాటికి యూనివర్సల్ కంపెనీలో మగ దర్శకులను మించి జీతం తీసుకునేది. ఆ ఏడాదే 'షూస్' తీసింది. అరిగిపోయిన బూట్లు మార్చుకునే స్తోమత లేక, ఒక జత కోసం తన్ను తాను అమ్ముకున్న దుకాణంపిల్ల కథ అది. 1917లో సొంత స్టూడియో పెట్టుకుంది. 1922లో స్మాలీతో విడాకులయ్యాయి. క్రమంగా అవకాశాలు తగ్గాయి. 1939లో కన్నుమూసేనాటికి చేతిలో డబ్బు లేదు. అంత్యక్రియల ఖర్చు రచయిత్రి ఫ్రాన్సెస్ మారియన్ పెట్టుకుందంటారు, పాపం.

భద్రపరచాల్సిన చిత్రాల జాతీయ జాబితాలో 'సస్పెన్స్'ను అమెరికా 2020లో చేర్చింది. ఇప్పుడైతే సెల్‌ఫోన్లోనే చూడొచ్చు. మధ్యాహ్నం పనయ్యాక పెట్టుకోండి. పోలీసుల కారు ఎంత దగ్గరికొచ్చిందో ముందు కారు అద్దంలో కనబడుతుంది, ఆ క్షణం మాత్రం కళ్లు తిప్పకండి.