ఇంటి లెక్కకు ఏ భాష? అంగడి సరుకుకు ఏ భాష?

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని ప్రత్తి వర్తకమునకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము ప్రసిద్ధము. ప్రత్తి తూకమైనను, నేతగాని కూలియైనను తుదకు తేలవలసినది లెక్కయే. ఆ లెక్కను కంప్యూటరుకు అప్పగించునపుడు ఏ భాషలో చెప్పవలెను?

కంప్యూటరుకు తెలిసినవి సున్న, ఒకటి అను రెండు గుర్తులే. మనము వ్రాసిన ఆజ్ఞలను ఆ గుర్తులలోనికి మార్చుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. గ్రంథమునంతయు ముందే తర్జుమా చేసి చేతికిచ్చుట మొదటిది. ఇది కంపైలరు పని. దుబాసివలె ఒక్కొక్క వాక్యమును అప్పటికప్పుడు చెప్పుట రెండవది. ఇది ఇంటర్‌ప్రెటరు పని. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున రూపొందించిన సి భాష మొదటి తెగది. గైడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన పైథాన్, స్థూలముగా చెప్పినచో, రెండవ తెగది.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు తన కొరకే ప్రోగ్రాము వ్రాయించుకొనుచున్నదనుకొందము. అది నడువవలసినది అచటి నాలుగు యంత్రములపైననే. తప్పు కనబడినచో ఆ సాయంత్రమే దిద్దవచ్చును. దినమునకు కొన్ని వందల చీటీలు కూడుటకు మహావేగము అక్కరలేదు. త్వరగా వ్రాయుటయు, సులభముగా మార్చుటయు ముఖ్యము. ఇందుకు పైథాన్ వంటి భాష చాలును. కాని వ్రాసిన యువకుడు బెంగుళూరు ఉద్యోగమునకు వెళ్ళిపోయినచో? ఆ భాష ఎరిగిన మరొకరు దొరకనిచో మిల్లు లెక్క మిల్లుకే అర్థము కాదు. కనుక దగ్గరి కళాశాలలలో పలువురు నేర్చుకొను భాషనే ఎన్నుకొని, వ్రాసిన ప్రతిని వివరణలతో మిల్లులోనే భద్రపరచవలెను.

అదే ప్రోగ్రామును వేయి మిల్లులకు అమ్మదలచినచో సంగతి వేరు. కొనువారి యంత్రములెట్టివో మనకు తెలియదు. ప్రతి ఊరికి వెళ్ళి దిద్దుటయు సాధ్యము కాదు. కావున నడువకముందే తప్పులను పట్టియిచ్చు కట్టుదిట్టమైన భాష కావలెను. 1995లో వచ్చిన జావా ఇట్టిది. ముందే తర్జుమా చేసి ఇచ్చినచో మన మూలప్రతి ఇతరులకు సులభముగా చిక్కదు. చట్టములు మారినపుడు అందరికి ఒకేసారి సవరణ అందవలెను. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినపుడు లెక్కల ప్రోగ్రాములన్నియు మారవలసివచ్చెను.

ఇంటి ప్రోగ్రాము అంగడికెక్కుటయు కలదు. శ్యామసుందర గోయెంకాగారు మిల్లులకు యంత్రభాగములు, ముడిసరుకులు అందించు వ్యాపారి. తన లెక్కలకు తగిన ప్రోగ్రాము దొరకక కుమారుడు భరత్ గోయెంకాచేత వ్రాయించుకొనెను. 1986లో మొదలైన ఆ ప్రయత్నమే నేటి టాలీ. దాని మూలమును కదలింపక, ఎవరి అవసరమునకు తగినట్లు వారు చీటీలను, పట్టికలను మార్చుకొనుటకు టి.డి.ఎల్. అను చిన్న భాషను వేరుగా ఏర్పరచిరి. గట్టితనము ఒక భాషలో, వెసులుబాటు మరొక భాషలో ఉంచుట ఇందలి యుక్తి.

రెండు తావులందును మరువరానిది పైసల లెక్క. మూడింట ఒక వంతును దశాంశములలో వ్రాసినచో 0.333... అని అంతులేక సాగును గదా! అట్లే పదింట ఒక వంతు కంప్యూటరు వాడు ద్విసంఖ్యా పద్ధతిలో అంతులేక సాగును. ఎచటనో త్రుంచక తప్పదు. ఆ త్రుంచినదే తేడా. వేలమంది కూలిలెక్కలలో ఇట్టి తేడాలు చేరినచో చిట్టా కుదరదు. అందుచేతనే 1960లో వెలువడిన కోబాల్ భాషలో దశాంశ గణితమునకు ప్రత్యేకముగా ఏర్పాటు చేసిరి. నేటి భాషలలో దశాంశ సంఖ్యారకమును వాడుటయో, సొమ్మునంతయు పైసలుగా పూర్ణసంఖ్యలలో ఉంచుటయో మేలు.

విద్యార్థులు దీనిని పాఠశాల కంప్యూటరుపైననే పరీక్షింపవచ్చును. పైథాన్‌లో సున్నతో మొదలుపెట్టి, 0.1ను ఒకదాని వెంట ఒకటిగా పదిమారులు కూడుడు. వచ్చునది 1 కాదు, 0.9999999999999999. పిమ్మట 10 పైసలను పదిమారులు కూడుడు. సరిగా 100 వచ్చును.