విదూషకుడైన అధికారి

గడచిన వేసవి సెలవులలో మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. అతడిప్పుడు బెంగుళూరులో నొక వర్తకసంస్థయందు ఉద్యోగము చేయుచున్నాడు. కుశలప్రశ్నలు ముగిసిన పిమ్మట నవ్వుచునే యొక సంగతి చెప్పెను. వారి మేనేజరు సమావేశములందు ఇతని మాట తీరును, ఇతని ఇంగ్లీషులో దొరలు తెలుగు యాసను అనుకరించి పదిమందిని నవ్వించునట. “అప్పుడు నువ్వేం చేస్తావు?” అని యడిగితిమి. “నేనూ నవ్వుతాను సార్. నవ్వకపోతే హాస్యం తెలియనివాడంటారు” అని బదులు చెప్పెను. సెలవు తీసికొనుచు, “ది ఆఫీస్” అను టెలివిజన్ నాటకమును మేము తప్పక చూడవలెనని కోరి, “మా మేనేజరు మీకు అందులో కనబడతాడు సార్” అనెను.

మా అమ్మాయి సాయమున ఆ నాటకములోని పెక్కు భాగములను చూచితిమి. నవ్వితిమి, నవ్విన తరువాత కొంత కలతయు చెందితిమి. విద్యార్థులారా! రేపు మీలో అనేకులు ఏదో యొక కార్యాలయమున పనిచేయబోవువారు. కొందరు అధికారులును కాగలరు. కాబట్టి ఆ నాటకము చూపు విషయములను మీ ముందును, మీ తల్లిదండ్రుల ముందును ఉంచుట యుక్తమని తోచినది.

ఈ నాటకము మొదట ఇంగ్లండున పుట్టినది. రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చెంట్ అను ఇరువురు రచించిన ఈ ధారావాహిక 2001 జూలైలో బి.బి.సి. రెండవ ఛానెలులో ప్రారంభమై 2003 డిసెంబరులో ముగిసెను. స్లౌ అను పట్టణమునందలి యొక కల్పిత కాగితపు కంపెనీ శాఖ దీనికి రంగస్థలము. దాని మేనేజరు డేవిడ్ బ్రెంట్. ఆ పాత్రను జెర్వైసే ధరించెను. 14 భాగములకు మించని యీ చిన్న నాటకమును గ్రెగ్ డేనియల్స్ అమెరికా జీవితమునకు తగినట్లు మలచెను. అది 2005 మార్చి మొదలు 2013 మే వరకు ఎన్.బి.సి. ఛానెలులో 9 శ్రేణులుగా, 201 భాగములుగా ప్రసారమయ్యెను. అందు కథ పెన్సిల్వేనియా రాష్ట్రములోని స్క్రాంటన్ పట్టణమున జరుగును. కంపెనీ పేరు డండర్ మిఫ్లిన్, అమ్మునది కాగితమే. మేనేజరు మైకేల్ స్కాట్. ఆ పాత్రధారి స్టీవ్ కారెల్. 2019లో హిందీలోను ఒక రూపము వెలువడినది. మేమిచట అమెరికా రూపమును గూర్చియే ముచ్చటింతుము.

మొదట దీని నిర్మాణము తెలిసికొనవలయును. ఎవరో కొందరు ఆ కార్యాలయమునకు వచ్చి, అచటి నిత్యజీవితమును చిత్రముగా తీయుచున్నారని కథలో నొక కల్పన. కాబట్టి కెమెరా తమను చూచుచున్నదని పాత్రలకు తెలియును. నడుమ నడుమ ఒక్కొక్కరు విడిగా కూర్చుండి కెమెరాతో తమ మనసులోని మాట చెప్పుకొందురు. మన నాటకములలోని స్వగతమును తలచుకొనుడు, ఇదియు నట్టిదే. అయితే స్వగతమున పాత్ర సాధారణముగా నిజము పలుకును. ఇచట మైకేలు తానెంతయో గొప్ప అధికారినని, అందరు తన్ను మిత్రునిగా నెంచుచున్నారని చెప్పుకొనును. మరుక్షణమే కనబడు దృశ్యము ఆ మాటను అబద్ధము చేయును. పెక్కు హాస్యనాటకములలో వెనుకనుండి నవ్వుల చప్పుడు వినిపింతురు. ఇందు అది లేదు. ఎచట నవ్వవలయునో, ఎచట సిగ్గుపడవలయునో చూచువారే నిర్ణయించుకొనవలయును.

సంస్కృత నాటకములలో రాజు ప్రక్కన విదూషకుడుండుట మీరెరుగుదురు. అతడు తిండిని గూర్చియు, తన పిరికితనమును గూర్చియు మాటలాడి రాజును నవ్వించును. దానివలన రాజ్యమునకు నష్టము లేదు. ఏలయన ఆజ్ఞ రాజుది. ఈ నాటకమున విదూషకుడే సింహాసనము నెక్కినాడు. అతడు చేయు ప్రతి పరిహాసమునకును ఆజ్ఞాబలము తోడైనది. ఇందలి నవ్వునకును, నొప్పికిని మూలమిదియే.

అట్టివాడు ఆ పీఠమునకు ఎట్లు వచ్చెను? మైకేలు అసమర్థుడు కాడు, అమ్మకమున నేర్పరి. రెండవ శ్రేణిలో నొకచోట అతడు తన పై అధికారిణితో కలసి ఒక పెద్ద కొనుగోలుదారుని చూడబోవును. ఆమె ధరల మాట ఎత్తవలెనని తొందరపడుచుండ, ఇతడు ఊసులతోను, పాటలతోను, భోజనముతోను గంటలు గడపును. చివరకు ఆ వ్యాపారము ఇతనికే దక్కును. ఇట్టి నేర్పునకు బహుమానముగా ఇతనిని మేనేజరును చేసిరి. కాని కాగితము నమ్ముట వేరు. మనుష్యులను నడుపుట వేరు. 1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ అనువారు “ది పీటర్ ప్రిన్సిపుల్” అను గ్రంథమున ఈ సంగతినే సూత్రీకరించిరి. ఉద్యోగి తన పనిని చక్కగా చేసినంత కాలము పై పదవికి పోవుచునే యుండును. తనకు చేతకాని పదవిని చేరగానే అచట నిలిచిపోవును. మంచి ఉపాధ్యాయుడు మంచి ప్రధానోపాధ్యాయుడు కావలెనను నియమము లేదు గదా!

మైకేలు దోషములలో మొదటిది, అందరిచేతను ప్రేమింపబడవలెనను తపన. ఇది దోషమా యని మీరడుగవచ్చును. మొదటి శ్రేణిలోని యొక కథ వినుడు. ఖర్చు తగ్గించుటకై ఉద్యోగులకు చవుకైన వైద్యబీమా పథకము నెన్నుకొనవలసినదని పైనుండి ఉత్తరువు వచ్చును. ఏది యెన్నుకొన్నను ఉద్యోగులకు కోపము తప్పదు. మైకేలు ఆ భారమును డ్వైట్ ష్రూట్ అను ఉద్యోగిపై మోపి తన గదిలో దాగుకొనును. అధికారము చేతికి వచ్చుటే మహాభాగ్యమని పొంగు డ్వైటు, ఉన్న సౌకర్యములను నిర్దయగా కోసివేయును. అందరు తిరుగబడగా మైకేలు, సాయంకాలమునకు మీకొక గొప్ప కానుక చూపింతునని మాట యిచ్చును. సాయంకాలమగును. అందరు నిలిచి చూచుచుందురు. అతనియొద్ద ఏమియు లేదు. అప్రియమైన నిర్ణయమును తానే చేసి, కారణము చెప్పి, నింద మోయుట అధికారి ధర్మము. ప్రేమ పోవునేమో యని ఆ ధర్మమును విడిచినవానికి ప్రేమయు దక్కదు.

రెండవది, పరిహాసము. మొట్టమొదటి భాగముననే మైకేలు, టెలిఫోనులు అందుకొను పామ్ అను యువతిని పిలిచి, కాగితపు చీటీలు దొంగిలించినావు కనుక నిన్ను పనినుండి తీసివేసితిని అనును. ఆమె ఏడ్చును. అప్పుడు, ఇది వేళాకోళమే యనును. ఉద్యోగము తీయగలవాడు తీసితినని చెప్పినచో అది వేళాకోళమెట్లగును?

ఇంతకంటె మనకు దగ్గరగా తగులు కథ రెండవ భాగమున నున్నది. మైకేలు ఒక నల్లజాతి హాస్యగాని ప్రదర్శనను కార్యాలయమున అనుకరించినందున ఫిర్యాదు పోవును. వివిధ జాతులవారితో మర్యాదగా మెలగుట నేర్పుటకు కంపెనీవారు ఒక శిక్షకుని పంపుదురు. మైకేలు అది చాలదని, తానే యొక శిక్షణ ప్రారంభించి, ఒక్కొక్కరి నుదుట ఒక్కొక్క జాతి పేరు గల చీటీ అంటించి, ఎదుటివారితో ఆ జాతికి తగినట్లు మాటలాడుడనును. అంతలో కెల్లీ కపూర్ అను భారతసంతతి ఉద్యోగిని వచ్చును. మైకేలు భారతీయ దుకాణదారుని యాసను వికృతముగా అనుకరించుచు ఆమెపైకి వచ్చును. ఆమె అతని చెంపపై నొక దెబ్బ వేసి వెడలిపోవును. అప్పుడు మైకేలు చెప్పు మాట గమనింపదగినది: అల్పసంఖ్యాకుల పాటు ఎట్టిదో ఈమెకు ఇప్పుడు తెలిసినదట! ఆమె పుట్టిననాటినుండి అల్పసంఖ్యాకురాలే యన్న సంగతి అతనికి తట్టదు. కెల్లీ పాత్రను ధరించిన మిండీ కేలింగ్ స్వయముగా భారతీయ తల్లిదండ్రుల బిడ్డ. ఈ నాటకపు రచయితలలో నొకరు. పొరుగు భాషల నడుమ తెలుగు పలుకుచు పెరుగుచున్న మనకు ఈ కథ వ్యాఖ్యానము లేకయే బోధపడును.

మూడవది, తగవుల సంగతి. దోషమంతయు అధికారిదే యనుట న్యాయము కాదు. జిమ్ అను చమత్కారి యువకుడు డ్వైటును ఎల్లప్పుడు ఏడిపించుచుండును. ఒకమారు అతని స్టేప్లరును జెల్లీలో పెట్టి గడ్డకట్టించును. చూచువారందరు జిమ్ పక్షమే వహింతురు, మేమును వహించితిమి. రెండవ శ్రేణి చివర, 2006లో ప్రసారమైన యొక భాగమున ఈ లెక్కలు తేలును. ఉద్యోగుల ఫిర్యాదులు టోబీ అను నతనియొద్ద గుప్తముగా నుండును. మైకేలు వానిని లాగుకొని, తగవులు తీర్తునని అందరి యెదుట చదువ మొదలిడును. ఒకామె గోడపై తగిలించిన పటము మరియొకనికి గిట్టదు. ఆ పటమును చొక్కాపై అచ్చొత్తించి, గిట్టనివాడే తొడుగుకొనవలెను. అప్పుడామెకు కనబడును, అతనికి కనబడదు అని తీర్పు! గుట్టు బయలుపడిన కొలది స్నేహితులు శత్రువులగుదురు. డ్వైటు ఏండ్ల తరబడి జిమ్ పై వ్రాసియిచ్చిన ఫిర్యాదులు ప్రధాన కార్యాలయమునకు పోనే లేదు. టోబీ వానిని పెట్టెలో పడవేసియుంచెను. మైకేలు వానిని వరుసగా చదువగా వినుచున్న జిమ్, తన యౌవనము, తన తెలివి ఎట్టి పనులకు వ్యయమయ్యెనో గ్రహించి మౌనియగును. వేరు శాఖకు బదిలీని గూర్చి మాటలాడబోవును. ఒక్కొక్కటిగా చేసినప్పుడు వేడుకైనది, వరుసగా విన్నప్పుడు వేడుక కాలేదు.

ఫిర్యాదును పెట్టెలో దాచుటయు తప్పే. దానిని సభలో చదువుటయు తప్పే. మొదటిది బాధపడినవానిని మరచుట. రెండవది వానిని మరల బాధించుట.

ఇంత చెప్పిన పిమ్మట మైకేలు దుష్టుడని మీరనుకొందురేమో. కాదు. పామ్ నీటిరంగులతో చిత్రములు వ్రాయును. 2007లో ప్రసారమైన యొక భాగమున ఆమె చిత్రప్రదర్శనము జరుగును. తోటివారు చాలమంది రారు. వచ్చినవారిలో నొకరు మెచ్చరు. ఆమె నిరాశతో చిత్రములు దింపుచుండగా మైకేలు పరుగున వచ్చును. తమ కార్యాలయ భవనమును ఆమె వ్రాసిన చిన్న చిత్రముముందు నిలిచి, నిజముగా విస్మితుడై, దానిని కొని కార్యాలయపు గోడకు తగిలించును. ఆ క్షణమున అతడు ఎవరిని నవ్వింపజూడలేదు, తన్ను మెచ్చుకొనుమని యడుగలేదు. ఎదుటివారి పనిని చూచెను. అతనిలో మంచి అధికారి కొన్ని నిమిషములు కనబడి మాయమయ్యెను.

ఇంతవరకు వ్రాసి, మా పూర్వవిద్యార్థి మేనేజరును నిందించుటకై కలమెత్తితిమి. అంతట మా తరగతియే మాకు జ్ఞప్తికి వచ్చినది. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొంది, మా తెలుగే తెలుగను గర్వముతో ఉద్యోగమున ప్రవేశించిన తొలినాళ్ళు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఆలస్యముగా వచ్చి, “మా నాయన బయట నిలబడుకోని ఉండాడు సార్” అనెను. మేము ఆ మాటను అదే రాగముతో తిరిగి పలికితిమి. తరగతి ఘొల్లున నవ్వెను. పిల్లలకు మేమన్న ఎంత ఇష్టమో యని మురిసితిమి. ఆ బాలుడు సంవత్సరాంతము వరకు మా ప్రశ్నలకు ఒక్క మాటకు మించి బదులీయలేదు. తలుపు బయట నిలిచిన తండ్రియు ఆ నవ్వును వినియే యుండును.

ఆ బాలుడు తప్పేమి పలికెను? ధాతువు “ఉండు”. “ఉన్నాడు” అను రూపమున మరుగుపడిన డకారము “ఉండాడు”లో తేటగా నిలిచియున్నది. ఈ సీమలోను, పొరుగున చిత్తూరు ప్రాంతమునను పెద్దలు పలుకుచు వచ్చిన మాట అది. పరీక్షలో “ఉన్నాడు” అని వ్రాయుమని నేర్పుట మా విధి. ఆ మాటను నవ్వులపాలు చేయుట మా విధి కాదు. ఆ దినమున మైకేల్ స్కాట్ మా కుర్చీలోనే కూర్చుండెను.

విద్యార్థులారా! మీపై నెవరైన నట్లు నవ్వినచో, మర్యాదకై కలసి నవ్వవలసిన పని లేదు. నవ్వక ఊరకుండుట అమర్యాద కాదు. పిదప ఆ మనిషితో ఒంటరిగా, నెమ్మదిగా చెప్పుడు. అప్పటికి మానకున్నచో కాగితముపై పెట్టుడు. ప్రతి యొకటి మీయొద్ద నుంచుకొనుడు. ప్రభుత్వ కార్యాలయముల విషయమున మన రాజ్యాంగమునందలి 350వ అధికరణము, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అధికారులకు తన బాధ విన్నవించుకొను హక్కును ప్రతివానికి నిచ్చినది. ఖాసగీ కంపెనీకి ఆ నియమము వర్తింపకున్నను, బాధను నోరువిప్పి చెప్పుట తప్పు కాదను నీతి ఎల్లెడల నొక్కటే. తల్లిదండ్రులారా! బిడ్డ వచ్చి చెప్పుకొన్నప్పుడు, “సర్దుకుపో” అని మొదటి మాటగా ననకుడు. ముందు పూర్తిగా వినుడు.

మీలో అధికారులగువారికి ఒక్కటే మనవి. మీరు నవ్వించినప్పుడు ఎందరు నవ్విరో లెక్కింపకుడు. ఎవరు నవ్వలేకపోయిరో చూడుడు.

మా పూర్వవిద్యార్థికి ఈ సంగతులే జాబుగా వ్రాసితిమి. నెల తిరిగిన పిమ్మట బదులు వచ్చినది. తరువాతి సమావేశమున మేనేజరు మరల అనుకరించెనట. ఇతడు నవ్వలేదు. ప్రక్కనున్న కన్నడ యువకుడును నవ్వలేదు. మేనేజరు ఒక క్షణము ఆగి, కాగితములు తిప్పుకొని, తరువాతి విషయములోనికి పోయెనట. అంతవరకే జరిగినది. ఆ మాత్రమైనను జరిగినందుకు సంతసించితిమి.