చీలమండ సంధిబంధనాల స్థితిజ్ఞానం – నిలకడలో దాని పాత్ర

ఉపోద్ఘాతం:
కదలకుండా నిలబడిన మనిషి శరీరం కూడా చీలమండల మీద ముందుకూ వెనుకకూ స్వల్పంగా ఊగుతూనే ఉంటుంది. కన్ను, లోపలి చెవి, అరికాలి చర్మం, కండరాలు, కీళ్ళు పంపే సమాచారం ఆధారంగా నాడీవ్యవస్థ ఆ ఊగిసలాటను అదుపులో ఉంచుతుంది. కాలు బెణికిన తరువాత వాపు, నొప్పి తగ్గినా కొందరికి అదే కాలు పదేపదే మడతపడుతుంది. దీనికి సంధిబంధనాలలోని జ్ఞానం దెబ్బతినడమే కారణమా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

సంధిబంధనాలు – గ్రాహకాలు:
ఎముకను ఎముకతో కలిపే దృఢమైన పట్టీలే సంధిబంధనాలు. వీటినే లిగమెంట్లు అంటారు. చీలమండ వెలుపలి వైపు ఇవి మూడు ఉంటాయి. పాదం లోపలికి మడతపడినప్పుడు సాధారణంగా ముందువైపు ఉన్నది మొదట దెబ్బతింటుంది. వీటిలో సాగుదలను, ఒత్తిడిని, నొప్పిని గుర్తించే నాడీ అంత్యాలు ఉన్నాయి. బంధనం చిరిగితే ఈ అంత్యాలు కూడా తెగి, నిలకడ లోపిస్తుందని ఫ్రీమన్, ఆయన సహచరులు 1965లో ప్రతిపాదించారు. సమతుల్య వ్యాయామాలు చేసిన రోగులలో ఈ లోపం తగ్గినట్లు కూడా వారు గమనించారు.

ప్రయోగ ఫలితాలు:
ఈ ప్రతిపాదన నిజమైతే, బంధనాలకు మత్తుమందు ఇచ్చినప్పుడు నిలకడ చెడిపోవాలి. కాన్రాడ్సెన్ బృందం 1993లో చీలమండకూ పాదానికీ మత్తు ఇచ్చి పరీక్షించింది. పరిశోధకులు పాదాన్ని కదిలించినప్పుడు అది ఏ కోణంలో ఉందో గుర్తించడంలో పొరపాట్లు పెరిగాయి. వ్యక్తి స్వయంగా కదిలించినప్పుడు మాత్రం అంచనా తప్పలేదు. ఒంటికాలిపై నిలకడలోనూ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

దీనికి కారణం కండరాలలో ఉంది. పిక్క కండరాలలోని కదురు ఆకారపు గ్రాహకాలు కండరం పొడవులో కలిగే అతి స్వల్పమైన మార్పును కూడా పసిగడతాయి. కళ్ళు మూసుకుని నిలబడిన వ్యక్తి మడమ వెనుక ఉన్న స్నాయుబంధనానికి కంపనం కలిగిస్తే, కండరం సాగిందన్న భ్రమ కలిగి శరీరం వెనుకకు వాలుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఈ కండరాలు పనిచేస్తూనే ఉంటాయి కనుక బంధనాల సమాచారం లోపించినా లోటు తెలియదు. బంధనాలు ప్రధానంగా కీలు తన కదలిక హద్దును సమీపించినప్పుడు బలంగా స్పందిస్తాయి. మామూలు నిలకడలో కీలు ఆ హద్దు వరకు వెళ్ళదు.

బెణుకు తరువాత:
మత్తుమందు బంధనంలోని జ్ఞానాన్ని మాత్రమే ఆపుతుంది. బెణుకు ప్రభావం అంతటితో ఆగదు. నొప్పి, వాపు, కీలు వదులు కావడం, కండరాల బలహీనత అన్నీ కలిసి వస్తాయి. ఒక కాలు బెణికిన తొలిరోజులలో రెండవ కాలిపై నిలకడ కూడా తగ్గినట్లు పరిశోధనలు చూపాయి. గాయం ప్రభావం కీలును దాటి, కదలికలను నియంత్రించే కేంద్ర నాడీవ్యవస్థకు చేరుతుందనడానికి ఇది ఆధారం.

ముగింపు:
నిలకడ అనేక జ్ఞానమార్గాల ఉమ్మడి ఫలితం. అందులో సంధిబంధనాలది పరిమితమైన పాత్ర. కాబట్టి నొప్పి తగ్గడాన్ని పూర్తి స్వస్థతగా భావించరాదు. ఒంటికాలిపై నిలబడటం, ఊగే పలకపై సాధన వంటి వ్యాయామాలు తెగిన నాడీ అంత్యాలను తిరిగి అతికించకపోవచ్చు. అయితే మిగిలిన మార్గాలను మెరుగ్గా వినియోగించుకోవడం అవి నాడీవ్యవస్థకు నేర్పుతాయి. వైద్యుని లేదా ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వీటిని కొనసాగిస్తే మళ్ళీ బెణికే ప్రమాదం తగ్గుతుంది.