తేనెకు పరీక్ష, చెంచుకు అనుమానం

నీళ్ల గ్లాసులో వేసిన తేనెచుక్క కరగకుండా అడుగుకు చేరాలి. తేనెలో ముంచిన అగ్గిపుల్ల గీస్తే వెలగాలి. చీమలు దాని జోలికి రాకూడదు. స్వచ్ఛమైన తేనెను గుర్తించే మార్గాలంటూ వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న పరీక్షలివి. వీటికి శాస్త్రీయ ప్రామాణికత లేదు, సామాజిక పర్యవసానం మాత్రం ఉంది. ఈ పరీక్షల్లో ముందుగా ఓడిపోయేది నల్లమల కొండ అంచున వేలాడుతూ చెంచులు తెచ్చిన తేనే.

కారణం సులభం. కొండతేనెటీగల తేనెలో సహజంగానే తేమ ఎక్కువ. ఆహార ప్రమాణాల సంస్థ నిర్దేశించిన 20 శాతం హద్దును అది తరచుగా దాటుతుంది. పలుచగా ఉంటుంది కనుక నీళ్లలో త్వరగా కలిసిపోతుంది. చిక్కటి చక్కెర పాకం కలిపిన సరుకు మాత్రం దర్జాగా అడుగుకు చేరుతుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాలను పరీక్షింపజేస్తే, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి ఐదే. రోడ్డు పక్కన కల్తీ జరగదని ఎవరూ అనరు. కానీ మెరిసే లేబులును నమ్మే కొనుగోలుదారు, చెంచు స్త్రీ చేతిలోని సీసాను చూడగానే ‘బెల్లం పాకమా?’ అని అడుగుతాడు. ఆ అనుమానం తేనె మీద కాదు, పుట్టుక మీద.

ఇందులో మరో వైచిత్రి ఉంది. మనిషిని అనుమానించే ఈ సామాజిక మాధ్యమమే ఆ మనిషి పేరును సరుకుగా మార్చుకుంది. ‘గిరిజన తేనె’, ‘అడవి బిడ్డల తేనె’ అంటూ రీళ్లు వస్తాయి. తాడు మీద వేలాడే శరీరం తెర మీద క్షణకాలం కనిపిస్తుంది, ఆ వెంటనే ఆర్డరు చేయాల్సిన నంబరు వస్తుంది. ఆ తాడు వెనుక ఉన్న సమాజం కనిపించదు. చెంచుల్లో తేనెకు దిగేవాని తాడును బావమరిది పట్టుకోవడం ఆనవాయితీ. తోబుట్టువు విధవ కాకూడదని కోరుకునేవాని చేతిలోనే ప్రాణం భద్రమన్న లోకజ్ఞానం అది. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఈగలు ఏ కొండకు ఎప్పుడు చేరుతాయో తెలిసిన ఆ విజ్ఞానానికి రీలు వెల కట్టదు, వాటా ఇవ్వదు.

చట్టం ఇందుకు భిన్నంగా చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కును, వాటిని సేకరించి అమ్ముకునే హక్కును ఆదివాసులకు, ఇతర సంప్రదాయ అటవీవాసులకు ఇచ్చింది. ఆ ఉత్పత్తులలో తేనె ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉద్దేశం కూడా దళారీ నుంచి వారిని కాపాడటమే. నేటి దళారీకి సంతలో తక్కెడ అక్కర్లేదు. ఫోను, లైసెన్సు, ప్యాకింగు, కొరియరు చాలు. సిగ్నలు అందని పెంటలో ఉన్నవాడికి ఆ నాలుగూ లేవు. యాజమాన్యం కాగితం మీద సేకరించేవాడిది, మార్కెట్టు మాత్రం ఖాతా ఉన్నవాడిది.

ప్రశ్న తేనెతో ఆగదు. ఏ కులవృత్తి అందంగా ఉందో, ఏది లేదో కూడా తెరే నిర్ణయిస్తోంది. మగ్గం, కుమ్మరి సారె, తేనెపట్టు ‘వారసత్వం’ అవుతాయి. లందలో తంగేడు చెక్కతో తోలును పదును చేసిన మాదిగల రసాయన విజ్ఞానానికి ఆ గౌరవం ఉందా? మురుగు కాలువలో దిగే మనిషి పనికి నేపథ్య సంగీతం ఎవరు పెడతారు? కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులనూ విభజించి, మెట్లుగా పేర్చిందని 1936లోనే అంబేడ్కర్ తేల్చి చెప్పారు. ఆ మెట్ల వరుస తెర మీద చెక్కుచెదరలేదు.

వారసత్వమనే పొగడ్తలో ఇంకో ప్రమాదం దాగి ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్రం 18 వృత్తులతో పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అది కులాధారిత వృత్తులను బలపరుస్తుందన్న అభ్యంతరంతో తమిళనాడు ఆ రూపంలో అమలుకు నిరాకరించింది. రీళ్ల సంస్కృతి ఇదే పనిని చిరునవ్వుతో చేస్తుంది. తండ్రి పట్టిన తాడును కొడుకు పట్టుకుంటే చప్పట్లు కొడుతుంది. ఆ కొడుకు ఇంజనీరు కావాలనుకుంటే ఆ కోరికకు వీక్షకులుండరు. కావలసింది రెండు హక్కులు: తాడు వదిలిపోయే హక్కు, తాడు పట్టుకుంటే న్యాయమైన ప్రతిఫలం పొందే హక్కు. మొదటిదానికి చదువు, ఉద్యోగం కావాలి. రెండోదానికి మార్కెట్టు మీద అధికారం కావాలి.

అందుకు చేయదగినవి ఉన్నాయి. ఒక తెగ పేరును, బొమ్మను వ్యాపారానికి వాడుకోవాలంటే గ్రామసభ అనుమతి, ఆదాయంలో వాటా తప్పనిసరి కావాలి. తేమను కొలిచి తగ్గించే సదుపాయం సేకరణ కేంద్రంలోనే ఉండాలి. అప్పుడు పరీక్షాపత్రం సీసాతో పాటే వెళుతుంది. సీసా మీద పెంట పేరు, సేకరించినవారికి దక్కిన ధర అచ్చు వేయాలి. అమ్మకపు ఖాతా సేకరించేవారి సంఘం చేతిలో ఉండాలి, ఆ పని నేర్పే బాధ్యతను ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు తీసుకోవాలి.

విద్యార్థులు ఆ రీలును ఇతరులకు పంపే ముందు నీళ్ల గ్లాసు పరీక్షను పక్కనపెట్టి, అమ్మేవారిని ఒక ప్రశ్న అడగాలి: ఇందులో తాడు మీద వేలాడినవారికి ఎంత ఇచ్చారు? నిజమైన కల్తీ ఏమిటో ఆ జవాబు చెబుతుంది.